2000 మీటర్ల ఎర్గ్ టెస్ట్: వేగాన్ని ఎలా పంచుకోవాలి, ఒంట్లో ఏం జరుగుతుంది

జిమ్‌లో రోయింగ్ మెషిన్ (దీన్నే ఎర్గ్ అంటారు) మీద 2000 మీటర్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లని ఒకసారి గమనించండి. మొదటి 300 మీటర్లలో మానిటర్ మీద, ఆ వేగంతో 500 మీటర్లకి పట్టే సమయం 1:48, 1:50 అని కనబడుతుంటుంది, మొహంలో ఉత్సాహం ఉంటుంది. 800 దగ్గర ఆ ఉత్సాహం పోతుంది. 1200 వచ్చేసరికి అంకె 2:12కో 2:15కో జారిపోతుంది. కొందరు అక్కడే హ్యాండిల్ వదిలేసి లేచిపోతారు. చాలాసార్లు వీళ్లకి బలం సరిపోకపోవడం అనే సమస్యే ఉండదు. ఉన్నదాన్ని ఖర్చుపెట్టిన వరసలోనే తేడా వస్తుంది.

మాట తేలిగ్గా అర్థం కావడానికి ఇక్కడ ఒకటే లక్ష్యం తీసుకుంటాను: 2000 మీటర్లు 8 నిమిషాల్లో. అంటే ప్రతి 500 మీటర్లకి సగటున 2:00. ఈ 500 మీటర్ల సమయాన్నే స్ప్లిట్ అంటారు. ఏడాదిగా క్రమం తప్పకుండా కసరత్తు చేస్తున్న ఓ మోస్తరు మగవాళ్లకి ఇది అందే అంకే, కానీ ఊరికే రాదు. మీ లక్ష్యం 9:00 అయినా 7:20 అయినా పద్ధతి ఇదే, అంకెలు మార్చుకుంటే చాలు.

ఇంకో మాట. ఇందులో చెప్పే లెక్కలన్నీ కాన్సెప్ట్2 కంపెనీ మెషిన్‌వి. అమెరికాలోని వెర్మాంట్‌లో డ్రైసిగాకర్ సోదరులు 1981లో మొదటి మోడల్ తెచ్చారు. ఇప్పుడు ఇండోర్ రోయింగ్ పోటీల్లో దాదాపు ఎక్కడైనా అదే ప్రమాణం. నీళ్ల తొట్టి ఉన్న మెషిన్లు, అయస్కాంతంతో నడిచే చవక మెషిన్లు చూపించే స్ప్లిట్‌ని దీనితో పోల్చకండి. అక్కడ 1:50 వచ్చిందని ఇక్కడ 1:50తో మొదలుపెడితే మీ పని అంతే.

మొదలుపెట్టే ముందు

పూర్తి శక్తితో చేసే 2000 మీటర్ల టెస్ట్ గుండెని దాని గరిష్ఠ వేగం దాకా తీసుకెళ్తుంది. మన దక్షిణాసియావాళ్లకి గుండె జబ్బులు మిగతా చాలామంది కంటే చిన్న వయసులోనే వస్తాయన్నది వైద్యులకి బాగా తెలిసిన సంగతి. నలభై దాటి, కొన్నేళ్లుగా ఒళ్లు వంచని వాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని కలవండి. జ్వరం నుంచి తేరుకుంటున్న వారంలో టెస్ట్ వద్దు. మధ్యలో ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె గతి తప్పినట్టు అనిపించడం లాంటివి వస్తే ఆపేయండి. అలాంటప్పుడు ఓర్చుకోవడంలో గొప్పేమీ లేదు.

మొదటి మెట్టు: డ్యాంపర్‌ని 10 మీద నుంచి దించండి

మెషిన్ ముందున్న ఫ్యాన్ పక్కన 1 నుంచి 10 దాకా అంకెలున్న మీట ఉంటుంది, దాన్నే డ్యాంపర్ అంటారు. మన జిమ్‌లలో అది ఎప్పుడు చూసినా 10 మీదే ఉంటుంది, ఎక్కువ పెడితే ఎక్కువ కసరత్తు అన్న నమ్మకంతో. నిజానికి ఆ మీట ఫ్యాన్‌లోకి ఎంత గాలి పోవాలో నిర్ణయిస్తుంది. 10 మీద ప్రతి స్ట్రోక్, అంటే హ్యాండిల్‌ని లాగే ప్రతిసారీ, బరువుగా, నెమ్మదిగా సాగుతుంది. నడుము మీద భారం పడుతుంది, కాళ్ల కండరాలు తొందరగా అలసిపోతాయి. స్ప్లిట్ మాత్రం దానివల్ల మెరుగవదు, ఎందుకంటే మీరు ఫ్యాన్‌కి ఇచ్చిన శక్తినే మానిటర్ కొలుస్తుంది.

మీట అంకెని కూడా పూర్తిగా నమ్మొద్దు. మానిటర్‌లో ‘మోర్ ఆప్షన్స్’లోకి వెళ్లి ‘డిస్‌ప్లే డ్రాగ్ ఫ్యాక్టర్’ (ఫ్యాన్‌కి గాలి ఎంత అడ్డుపడుతోందో చెప్పే అంకె) నొక్కి నాలుగైదు స్ట్రోకులు లాగండి. 110 నుంచి 130 మధ్య వచ్చేలా మీట సర్దండి. కొత్త మెషిన్‌లో అది 4 దగ్గర రావచ్చు. దుమ్ము పేరుకున్న మెషిన్‌లో గాలి దారి మూసుకుపోయి 7 మీద పెట్టినా రాకపోవచ్చు. రోడ్డు పక్కన షట్టర్ ఎత్తి నడిపే జిమ్‌లలో ఇది మామూలే. టెస్ట్ ఏ మెషిన్ మీద చేస్తారో దాని మీదే ఈ అంకె చూసి రాసిపెట్టుకోండి.

రెండో మెట్టు: నిజాయితీగా లక్ష్యం ఎంచుకోండి

8:00 కొట్టాలని ఉండటం వేరు, కొట్టగలగడం వేరు. తేల్చుకోవడానికి రెండు దారులున్నాయి.

5000 మీటర్ల టైమ్ మీ దగ్గర ఉంటే రోయర్లు ఎప్పటి నుంచో వాడే లెక్క ఒకటుంది: దూరం రెట్టింపయితే 500 మీటర్ల స్ప్లిట్ సుమారు 5 సెకన్లు పెరుగుతుంది. దాని ప్రకారం 5000 మీటర్లని 2:06, 2:07 స్ప్లిట్‌తో, అంటే 21 నిమిషాల చిల్లరలో పూర్తిచేసేవారికి 2000 మీటర్లకి 2:00 న్యాయమైన లక్ష్యం. దీర్ఘదూరం ఎక్కువగా చేసేవారికి తేడా 5 కంటే తక్కువ ఉంటుంది, బరువులెత్తేవారికి ఎక్కువ ఉంటుంది. ఇది చట్టం కాదు, అంచనా.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చుతుంది: 500 మీటర్లు ఎనిమిదిసార్లు, మధ్యలో మూడున్నర నిమిషాల విశ్రాంతి. ఎనిమిదింటి సగటు మీ 2000 మీటర్ల స్ప్లిట్‌కి చాలా దగ్గరగా వస్తుంది. షరతు ఒక్కటే, మొదటి ఏడూ ఒకదానికొకటి సెకను తేడాలో ఉండాలి. మొదటిది 1:50, చివరిది 2:10 చేసి సగటు 2:00 వచ్చిందనుకుంటే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు.

మూడో మెట్టు: ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఇది వదిలేసి నేరుగా ప్రణాళికకి పోవాలనిపిస్తుంది. కానీ దీన్ని అర్థం చేసుకోకపోతే 200 మీటర్ల దగ్గర మీ ఒళ్లు చెప్పే అబద్ధాన్ని మీరు నమ్మేస్తారు.

మీ అపార్ట్‌మెంట్ మీదున్న నీళ్ల ట్యాంకుని, కిందున్న బోరు మోటారుని ఊహించుకోండి. మోటారు అంటే ఆక్సిజన్‌తో కండరాలు తయారుచేసుకునే శక్తి. అది ఆగకుండా వస్తుంది కానీ దానికో హద్దుంది. ట్యాంకు అంటే ఆక్సిజన్ అవసరం లేకుండా అప్పటికప్పుడు వాడుకోగలిగే నిల్వ. వాడకం మోటారు ఇచ్చేదానికంటే ఎక్కువైతే ట్యాంకు తగ్గుతూ పోతుంది. ఇంకో చిక్కు, ఈ మోటారు స్విచ్ వేయగానే పూర్తి ధారతో రాదు. ఆక్సిజన్ వినియోగం గరిష్ఠానికి దగ్గర పడటానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా లోటంతా ట్యాంకు నుంచే.

మొదటి పది సెకన్లు కండరాల్లో సిద్ధంగా ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ అనే ఇంధనంతో నడుస్తాయి. ఊపిరి మామూలుగా ఉంటుంది, గుండె వేగం ఇంకా అందుకోలేదు, కాళ్లు తాజాగా ఉన్నాయి. అందుకే 1:48 కూడా తేలిక అనిపిస్తుంది. ఆ తర్వాత గ్లైకోజెన్‌ని (కండరాల్లో నిల్వ ఉన్న చక్కెరని) ఆక్సిజన్ లేకుండా విడగొట్టే దారి జోరందుకుంటుంది. అది వేగంగా శక్తినిస్తుంది కానీ కండరంలో ఆమ్లత పెంచుతుంది. దీని బాధ వెంటనే తెలియదు. మొదటి నిమిషంలో చేసిన దుబారా మూడో నిమిషంలో, నాలుగో నిమిషంలో బయటపడుతుంది. పేసింగ్‌లో, అంటే వేగాన్ని పంచుకోవడంలో, ఉన్న కష్టమంతా ఈ ఆలస్యంలోనే ఉంది.

ఈ దారిలోనే తయారయ్యే లాక్టేట్ మీద పాపం అందరూ నింద వేస్తారు. విశ్రాంతిలో లీటరు రక్తానికి 1 మిల్లీమోల్ దగ్గర ఉండే లాక్టేట్, గట్టి రోయర్లలో 2000 మీటర్ల తర్వాత 15 దాటడం మామూలే. కానీ లాక్టేట్ విషం కాదు, గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. కండరం మొరాయించడానికి కారణాలు దానితోపాటు జరిగే మిగతా మార్పుల్లో ఉన్నాయి: పేరుకునే హైడ్రోజన్ అయాన్లు, ఫాస్ఫేట్, కణాల బయట పెరిగే పొటాషియం.

మొత్తం మీద 2000 మీటర్ల టెస్ట్‌లో ఖర్చయ్యే శక్తిలో ముప్పావు వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, మోటారు నుంచే వస్తుంది. ట్యాంకు వాటా చిన్నది, కానీ దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టారన్నదే మీ చివరి వెయ్యి మీటర్ల గతిని తేలుస్తుంది.

ఇప్పుడు మెషిన్ లెక్క. వాట్లు వేగం ఘనం (వేగం × వేగం × వేగం) చొప్పున పెరుగుతాయి. 2:00 స్ప్లిట్‌కి 203 వాట్లు కావాలి. 1:55కి 230. 1:50కి 263. అంటే 9 శాతం వేగం కోసం 30 శాతం ఎక్కువ శక్తి. 2018లో ఆస్ట్రేలియా రోయర్ జాషువా డంక్లీ-స్మిత్ 2000 మీటర్లని 5:35.8లో పూర్తిచేశాడు. సగటు స్ప్లిట్ 1:24 లోపు, సుమారు 590 వాట్లు. మన 8:00 కంటే అతని వేగం ఒకటిన్నర రెట్లు కూడా లేదు, శక్తి మాత్రం దాదాపు మూడు రెట్లు.

ఈ ఘన సూత్రం చూపించి ‘అందుకే వేగంగా మొదలుపెట్టకూడదు’ అంటారు చాలామంది. లెక్క వేసి చూస్తే ఆ వాదన అంత గట్టిగా నిలబడదు. మొదటి 1000 మీటర్లు 1:54తో, రెండో 1000 మీటర్లు 2:06తో లాగారనుకోండి. మొత్తం అదే 8:00. ఇందులో చేసిన యాంత్రిక పని సమానంగా 2:00తో లాగినదానికంటే ఎక్కువే, కానీ తేడా ఒక శాతం కూడా ఉండదు.

మరి దెబ్బ ఎక్కడ తగులుతుంది? మీ మోటారు హద్దు 180 వాట్లు అనుకుందాం. 2:00తో సమానంగా లాగితే ట్యాంకు 22 వాట్ల చొప్పున ఖర్చవుతూ సరిగ్గా ముగింపు గీత దగ్గర ఖాళీ అవుతుంది. 1:54తో లాగితే, అంటే 236 వాట్లు, అదే ట్యాంకు 840 మీటర్ల దగ్గరే ఖాళీ. ఇక మిగిలింది మోటారు ఒక్కటే. కాగితం మీద అప్పుడు కూడా మీరు 180 వాట్లతో, 2:05తో సాగిపోవచ్చు, 8:01లో ముగించవచ్చు. పోయింది ఒక్క సెకను! కానీ మనిషి ఒళ్లు కాగితాన్ని అనుసరించదు. అంత అలసిన కండరానికి మోటారు హద్దే కిందికి దిగుతుంది. అదే వాట్లకి ఎక్కువ ఆక్సిజన్ ఖర్చవుతుంది. స్ట్రోక్ పొట్టిదవుతుంది, నడుము వంగిపోతుంది, ఊపిరి లయ తప్పుతుంది. 2:05 అనుకున్నది 2:10 అవుతుంది, 8:13 వస్తుంది. ఇంకా 1100 మీటర్లకి పైగా ఉండగా ట్యాంకు ఖాళీ అయిన మనిషి బుర్రలో ఏం తిరుగుతుందో వేరే చెప్పాలా?

నాలుగో మెట్టు: నాలుగు 500ల ప్రణాళిక

2000 మీటర్లకి నేను సూచించేది దాదాపు సమాన వేగం, కొద్దిపాటి వేగమైన మొదలు, చివర్లో పెంపు. మొదటి సగం నిదానంగా, రెండో సగం వేగంగా అన్న పద్ధతిని ఈ దూరానికి కొందరు గట్టిగా సమర్థిస్తారు. మొదటిసారి టెస్ట్ చేసేవాళ్లకి అది భద్రమే, కానీ అలవాటైన వాళ్లు దానివల్ల ట్యాంకులో కొంత మిగుల్చుకుని గీత దాటేస్తారు.

మొదటి 100 మీటర్లు: ఫ్యాన్ ఆగి ఉంటుంది కాబట్టి మొదటి స్ట్రోక్ సగం దూరం, రెండోది ముప్పావు, మూడోది పూర్తి. ఆ తర్వాత ఏడెనిమిది స్ట్రోకులు గట్టిగా, రేట్ (నిమిషానికి స్ట్రోకులు) 30, 32 దగ్గర. స్ప్లిట్ 1:52, 1:53 రావచ్చు. ఇది ఉచితం కాదు కానీ చవక. ఫాస్ఫోక్రియాటిన్ ఎలాగూ ఈ సెకన్లలోనే అందుబాటులో ఉంటుంది. పైగా మొదట్లో కాస్త గట్టిగా లాగితే ఆక్సిజన్ వినియోగం త్వరగా అందుకుంటుంది. పది స్ట్రోకులు చాలు, ముప్పై వద్దు.

100 నుంచి 500: ఇక్కడే టెస్ట్ గెలుస్తారు లేదా పోగొట్టుకుంటారు. పదో స్ట్రోక్ తర్వాత పెద్దగా ఊపిరి వదిలి, రేట్‌ని 26, 27కి దించి, స్ప్లిట్‌ని కావాలని 2:01కి తేవాలి. రోయర్లు దీన్ని సెటిల్ కావడం అంటారు. ఒళ్లు ‘ఇంకా లాగగలను’ అంటుంది. నిజమే, లాగగలదు. ఆ మాట వినొద్దు. మొదటి 500 సుమారు 1:59లో ముగుస్తుంది.

500 నుంచి 1000: 2:01. ఊపిరి ఇక్కడ బరువెక్కుతుంది. క్యాచ్‌లో, అంటే స్ట్రోక్ మొదలయ్యే చోట, మోకాళ్లు ఛాతీ దగ్గరికి వచ్చి పొట్ట నొక్కుకుంటుంది కాబట్టి ఊపిరితిత్తులకి చోటు తక్కువ. కాళ్లు తోసేటప్పుడు వదలండి, ముందుకి వచ్చేటప్పుడు తీసుకోండి. కష్టం పెరిగాక స్ట్రోక్‌కి రెండుసార్లు ఊపిరి పీల్చడం సహజం, కంగారు పడొద్దు. ఊపిరి బిగబట్టి మాత్రం లాగొద్దు, రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది.

1000 నుంచి 1500: మళ్లీ 2:01. చెప్పడానికి ఒక్క ముక్క, చేయడానికి అన్నిటికంటే కష్టం. మొదట్లో ఉన్న తాజాదనం లేదు, గీత కనబడే దూరంలో లేదు. గుండె వేగం గరిష్ఠానికి దగ్గరైంది. కాళ్లు, వీపు, చేతులు, ఊపిరి కండరాలు అన్నీ గుండె పంపే అదే రక్తం కోసం పోటీ పడుతుంటాయి. ఇక్కడ 2:01 నిలబెట్టుకోవాలంటే మొదటి 500లో పెట్టిన శ్రమ కంటే చాలా ఎక్కువ పెడుతున్నట్టు అనిపిస్తుంది. అలా అనిపించడమే సరైన పేసింగ్‌కి గుర్తు. సమాన వేగం అంటే సమాన కష్టం అనుకుంటే మోసపోతారు.

1500 నుంచి 2000: మొదటి 200 మీటర్లు 2:00. తర్వాతి 150 మీటర్లకి రేట్ రెండు పెంచండి. చివరి 150 మీటర్లలో మిగిలింది మొత్తం పెట్టేయండి. 1:58 సగటు వస్తే 7:59.

పూర్తి దూరానికి రేట్ 26 దగ్గర సుమారు 210 స్ట్రోకులు పడతాయి, ఒక్కోదానికి తొమ్మిదిన్నర మీటర్లు. కొందరికి మీటర్ల కంటే స్ట్రోకులు లెక్కపెట్టుకోవడమే బుర్రకి తేలిక.

నీళ్ల మీద పందేల్లో మొదటి 500 మీటర్లు బాగా వేగంగా పోవడం మీరు చూసి ఉండొచ్చు, ఒలింపిక్స్‌లో కూడా. దానికి వేరే కారణం ఉంది. రోయర్లు వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు కాబట్టి ముందున్న పడవవాళ్లకి వెనకున్నవాళ్లంతా కనబడతారు, ఎవరెప్పుడు వేగం పెంచుతున్నారో చూసి జవాబివ్వవచ్చు. వెనకున్నవాళ్లకి ఆ సౌకర్యం లేదు. ఎర్గ్ మీద మీ ముందున్నది గోడ. ఆ ఎత్తు ఇక్కడ పనికిరాదు.

ఐదో మెట్టు: వేగాన్ని ఒంటికి నేర్పండి

టెస్ట్ రోజున మానిటర్ చూసి వేగం సర్దుకుందామంటే కుదరదు. 2:00 అంటే కాళ్లకి ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టుకోండి.

వారంలో ఎక్కువ సమయం నిదానమైన రోయింగ్‌కే: 40 నుంచి 60 నిమిషాలు, రేట్ 18 నుంచి 20, స్ప్లిట్ 2:20, 2:25 దగ్గర. పక్కనున్న మనిషితో ముక్క ముక్కగా కాకుండా మాట్లాడగలగాలి. ఇది మోటారుని పెద్దది చేసే పని. విసుగ్గా ఉంటుంది, జిమ్‌లో ఎవరూ మెచ్చుకోరు, కానీ 8:00ని 7:45 చేసేది ఎక్కువగా ఇదే.

వారానికి ఒకసారి 500 మీటర్లు ఎనిమిదిసార్లు 2:00తో, లేదా 1000 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో 5 నిమిషాల విశ్రాంతితో 2:03, 2:04 దగ్గర. ఈ రెండిట్లోనూ నియమం ఒకటే: మొదటిది అన్నిటికంటే వేగంగా ఉండకూడదు.

మూడోది చిన్న ఆట. మానిటర్ మీద తువ్వాలు కప్పి పది స్ట్రోకులు 2:05 అనుకుంటూ లాగండి, తీసి చూడండి. మళ్లీ కప్పి 2:00. మొదట్లో నాలుగైదు సెకన్లు తేడా వస్తుంది, కొన్ని వారాల్లో అది సెకనుకి దిగుతుంది. మొదలుపెట్టే పది స్ట్రోకులు, ఆ వెంటనే సెటిల్ కావడం కూడా విడిగా సాధన చేయండి. దించడం నేర్చుకోవడమే అందులో అసలు పని.

ఆరో మెట్టు: టెస్ట్ రోజు

ముందు రోజు కాళ్ల వ్యాయామం వద్దు. రెండు మూడు గంటల ముందు తేలికైన తిండి, ఇడ్లీ గానీ అరటిపండు గానీ. కడుపు నిండా పెరుగన్నం తిని కూర్చుంటే 1200 దగ్గర అది పైకి తన్నుకొస్తుంది. కాఫీ అలవాటున్నవాళ్లు గంట ముందు ఒక కప్పు తాగొచ్చు.

వార్మప్ పదిహేను నిమిషాలైనా ఉండాలి. పది నిమిషాలు నిదానంగా, తర్వాత రేట్ 26తో టెస్ట్ వేగానికి కాస్త అటూ ఇటూగా నిమిషం చొప్పున రెండు మూడు సార్లు, ఆ పైన రెండుసార్లు మొదటి పది స్ట్రోకులు. తర్వాత ఐదారు నిమిషాలు నెమ్మదిగా కదులుతూ ఉండండి. ఇలా ముందే ఒకసారి గట్టిగా కదిలించిన కండరాల్లో, టెస్ట్ మొదలయ్యాక ఆక్సిజన్ వినియోగం త్వరగా పెరుగుతుంది. వార్మప్‌లో శక్తి అయిపోతుందేమోనని భయపడి చల్లటి ఒళ్లుతో మొదలుపెట్టేవాళ్లే ట్యాంకుని ఎక్కువ ఖాళీ చేసుకుంటారు.

వేడి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయం మీద దొరికే సలహాలు ఎక్కువగా చలి దేశాల నుంచి వచ్చినవి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో రేకుల షెడ్డు జిమ్‌లో మీరు కూర్చున్నారనుకోండి. ఒంటిని చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మానికి కూడా పంపాలి. చెమట రూపంలో రక్తంలోని నీరు తగ్గుతుంది. కొట్టుకున్న ప్రతిసారీ గుండె పంపే రక్తం తగ్గి, అదే వాట్లకి గుండె వేగం పెరుగుతూ పోతుంది. కోస్తాలో గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, అది ఇంకో భారం. 8 నిమిషాల టెస్ట్‌లో దీని ప్రభావం కొంతే, 5000 మీటర్ల పైన మాత్రం బాగా కనబడుతుంది. అందుకని వేసవిలో నిదానమైన రోయింగ్‌ని స్ప్లిట్ చూసి చేయకండి, గుండె వేగం చూసి చేయండి. జనవరిలో 2:22తో వచ్చిన గుండె వేగం మేలో 2:28కే వస్తే 2:28తోనే లాగండి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. టెస్ట్‌ని తెల్లవారుజామున పెట్టుకోండి, వీపు వెనక నుంచి పెద్ద ఫ్యాన్ పెట్టించుకోండి. మెషిన్ ఫ్యాన్ విసిరే గాలి ఏ మూలకీ చాలదు.

వేడి గాలి పలచబడి మెషిన్ తేలికవుతుందేమో, స్కోరు తప్పు వస్తుందేమో అన్న అనుమానం అక్కర్లేదు. ఫ్యాన్ ఎంత త్వరగా నెమ్మదిస్తోందో మానిటర్ ప్రతి స్ట్రోక్‌కీ కొలిచి లెక్క సరిచేసుకుంటుంది.

ఏడో మెట్టు: లాగుతున్నప్పుడు

మానిటర్ మీద రెండే అంకెలు చూడండి: ప్రస్తుత స్ప్లిట్, మిగిలిన మీటర్లు. సగటు స్ప్లిట్ చూపించే తెరని మొదటి 1000 మీటర్ల దాకా వాడొద్దంటాను. వేగంగా మొదలుపెట్టారు కాబట్టి 300 దగ్గర సగటు 1:58 చూపిస్తుంది, దాన్ని కాపాడుకోవాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశే కొంప ముంచుతుంది. గుండె వేగం కూడా దాచేయండి. ఎంత ఉన్నా మీరు చేయగలిగేది ఏమీ లేదు, చూస్తే భయం తప్ప.

స్ప్లిట్ జారితే ముందుగా చేతులు తొందరపడి రేట్ పెంచేస్తాయి. పొట్టి స్ట్రోకులు ఎక్కువ కొడితే ఊపిరి ఖర్చు పెరుగుతుంది, అంకె మాత్రం కదలదు. దానికి బదులు తిరిగి ముందుకి వెళ్లేటప్పుడు ఒక్క క్షణం ఆగినట్టు నెమ్మదించి, క్యాచ్‌లో మడమలతో గట్టిగా తోయండి. ఐదు స్ట్రోకులు ఇలా చేస్తే అంకె తిరిగొస్తుంది. రాకపోతే 2:03కి ఒప్పుకుని అక్కడ నిలబడండి. 2:03తో 500 మీటర్లు పోతే పోయేది 3 సెకన్లు. హ్యాండిల్ వదిలి పది సెకన్లు ఊపిరి తీసుకుంటే పోయేది అంతకు మూడింతలు.

మిగతా దూరాల సంగతి రెండు ముక్కల్లో: 500 మీటర్లకి పేసింగ్ లెక్క చాలా తక్కువ, చివరి 100లో కాస్త జారుతుందని తెలిసే గట్టిగా మొదలుపెడతారు. 5000 మీటర్లకి మాత్రం మొదటి 1000 లక్ష్యం కంటే సెకను, రెండు సెకన్లు నిదానంగా పోయి, చివరి 1000లో తీసుకోవడం మేలు. అక్కడ ట్యాంకు వాటా మరీ చిన్నది. హాఫ్ మారథాన్, మారథాన్ దూరాల్లో పిరుదులు, వేళ్ల మీద బొబ్బలే ముందు సమస్య.

ఎనిమిదో మెట్టు: అయ్యాక

గీత దాటగానే మెషిన్ మీద నుంచి దొర్లి నేల మీద పడుకోవాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగండి, ఆ తర్వాత ఎనిమిది పది నిమిషాలు అతి నెమ్మదిగా లాగండి. కాళ్ల కండరాలు కదులుతుంటేనే కింద చేరిన రక్తం గుండెకి తిరిగొస్తుంది. ఒక్కసారిగా ఆపి లేచి నిలబడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. లాక్టేట్ కూడా నెమ్మదిగా కదులుతుంటేనే త్వరగా తగ్గుతుంది. పొడి దగ్గు గంటా రెండు గంటలు రావచ్చు, గట్టిగా ఊపిరి పీల్చి గాలి గొట్టాలు ఎండిపోవడం వల్ల వచ్చేదే అది.

తర్వాత మానిటర్ మెమరీలో నాలుగు 500ల స్ప్లిట్లు చూడండి. మొత్తం టైమ్ కంటే అవే ఎక్కువ చెబుతాయి.

1:54, 1:59, 2:06, 2:05 ఉంటే మొదలు మరీ వేగం. ఒంట్లో 8:00 ఉంది కానీ 8:04 వచ్చింది. శిక్షణ మార్చక్కర్లేదు, సెటిల్ కావడం సాధన చేయాలి. 2:03, 2:02, 2:01, 1:53 ఉంటే మొత్తం 7:59 వచ్చినా లక్ష్యమే చిన్నది పెట్టుకున్నారు. చివర్లో అంత మిగిలిందంటే ఈసారి 1:58తో ధైర్యం చేయొచ్చు. 1:59, 2:01, 2:02, 1:58 ఉంటే ఆ రోజు మీ దగ్గరున్నదంతా వాడుకున్నారు. మూడో 500 ఒక సెకను జారడం అందరికీ జరిగేదే.

డ్రాగ్ ఫ్యాక్టర్, గదిలో వేడి, రేట్, ఏ మీటర్ దగ్గర మొదటిసారి వదిలేయాలనిపించిందో కూడా రాసిపెట్టుకోండి. మళ్లీ టెస్ట్ ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే. ప్రతి వారం 2000 మీటర్లు పూర్తి శక్తితో లాగేవాళ్లకి మెరుగుదల కంటే మెషిన్ మీద అసహ్యం ముందు వస్తుంది. అప్పటికి 1:59 పెట్టుకోండి: 7:56, 208 వాట్లు, ఇప్పటికంటే ఐదే ఎక్కువ.